పైఖర్చుల ముంత

చెంచులమ్మకి కాళ్ళు చాపుకోను చోటు లేదంట. ఇల్లు లేక గాదు, మూడంకణాల ఇల్లే. అయితే ముందర అరుగు మీదేమో మొగుడు మాలకొండయ్యా, ఆయన కోసం వచ్చే పోయే మగోళ్ళూ. నట్టింట్లో మంచం మీద అత్త వెంగమ్మ. వంటింట్లో పొయ్యి. ఇంక ఈమె యాడ కూచుంటది, మీరే చెప్పండి. పనిజేసేటప్పుడు గొంతుక్కూచోటం, తినేటప్పుడు ఒక కాలు మడిచి కూచోటం, అంతే. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా రెండు కాళ్ళూ బారజాపుకొని, వీపు దేనికన్నా ఆనించి, ఊరికే కూచున్న రోజు ఒక్కటంటే ఒక్కటి లేదంట. ఊరికే అంటే ఊరికేనే, చిక్కుడుకాయలు ఒలవకుండా, బియ్యంలో రాళ్ళేరకుండా. ఆ కోరికొకటి పట్టుకుందంట ఆమెకి. పెరట్లో మల్లెపందిరి కింద ఒక తిన్నె కట్టించుకోవాల, తన కాళ్ళంత పొడుగుది, వీపు ఆనుకోను చిన్న గోడ ఉండాల, అని. నగ గాదు, చీర గాదు, తిన్నె. నవ్వకండి మరి, మీకు అరుగులున్నయ్యి.

ఇట్టా ఉండగా ఏమైందంటే, చెంచులమ్మ సాకిన గేదెపడ్డని అమ్మితే పదహారు వేలొచ్చినయ్యంట. మాలకొండయ్య మంచోడే పాపం. పడ్డని సాకింది నువ్వే గదమే, ఆ డబ్బుతో నీ ఇష్టమొచ్చినట్టు పెరడు బాగుచేయించుకో, వానొస్తే బురద, ఎండొస్తే పల్లేరుకాయలు, మనుషులు తిరిగే పెరడా అది, అన్నాడంట. చెంచులమ్మకి రాత రాదు. రాత రాకపోతేనేం, ముంతలున్నయ్యి. అటక మీంచి అయిదు ముంతలు దించి, కడిగి, ఆరబెట్టి, వరసగా గోడకి పెట్టిందంట. మొదటి ముంత మురుగుకాలవకి, నాలుగువేలు. రెండోది వంటింటి గడప కాణ్ణుంచి గేదెల చావిడి దాకా నాపరాళ్ళ బాటకి, అయిదువేలు. మూడోది నీళ్ళ గాబుకి, మూడువేలు. నాలుగోది మల్లెపందిరికీ మొక్కలకీ, రెండువేలు. ఇంక మిగిలింది రెండువేలు. అది అయిదో ముంతలో పోసి, మూతికి గుడ్డ గట్టింది. మాలకొండయ్య వచ్చి చూసి, ఇదేంది, ఇదేంది అని ఒక్కోటీ అడిగాడంట. కాలవన్నది, బాటన్నది, గాబన్నది, పందిరన్నది. అయిదోది చూపించి ఇదేందిమే అంటే, చెంచులమ్మ ముంత గుడ్డ ముడి సవరించింది. ఎట్టా చెప్తది? నేను ఊరికే కూచోటానికి రెండువేలు దీశానయ్యా అని యే ఆడమనిషి చెప్పగలదు, ఆ మొగుడితో, పక్క మంచం మీద అత్త వింటా ఉండగా? "అదా, పైఖర్చులకి లెయ్యా" అన్నదంట.

అదిగో, ఆ మాటే. ఇంకే మాటన్నా పోయేది. గోడకన్నా పోయేది, గొడ్లకన్నా పోయేది. పైఖర్చులన్నది.

పని మొదలుపెట్టినోడు దావీదు మేస్త్రి. మంచి పనిమంతుడు, టీ అంటే మాత్రం ప్రాణం. మొదటి రోజు కాలవ తవ్వితే, గొట్టం రెండు మూరలు తక్కువొచ్చిందంట. మాలకొండయ్య కాలవ ముంత ముట్టుకోలా. కాలవ లెక్క కాలవదే, ఈ రెండు మూరలూ పైఖర్చు గదా, అని అయిదో ముంత గుడ్డ విప్పాడు. చెంచులమ్మ వంటింట్లోంచి చూస్తానే ఉన్నది. మూడొందలేలే, తిన్నె కొంచెం పొట్టిదవుద్ది, మోకాళ్ళు మడుచుకుంటాలే, అనుకుందంట. రెండోరోజు మేస్త్రికీ, ఇద్దరు కూలోళ్ళకీ, పని చూడ్డానికొచ్చిన ఆరుగురు పెద్దమనుషులకీ పూటకి రెండు టీలు. పని చూసే వాళ్ళు పని చేసేవాళ్ళకంటే ఎక్కువ అలిసిపోతారు, మీకు తెలవంది గాదు, వాళ్ళకి టీతో పాటు గారెలు గూడా. అదీ పైఖర్చే. మూడోరోజు అత్త వెంగమ్మ మంచం దిగొచ్చి, అమ్మే, ఇంత సిమెంటు కలుపుతున్నారు, తులసమ్మ కోట పగిలి మూడేళ్ళయ్యింది, దేవుడికి లేని సిమెంటు గొడ్లకెందుకమ్మే, అన్నదంట. దేవుడి పని కాదనేదెవరు. అయిదొందలు. చెంచులమ్మ మనసులో తిన్నెకి ఆనుకునే గోడ తీసేసింది. ఆనుకోకుండా గూడా కూచోవచ్చు, బళ్ళో పిలకాయలు కూచోటంలా, అనుకుందంట.

ఇంకో సంగతి చెప్తా వినండి. గాబు కట్టటం అయిపొయ్యాక గాబు ముంతలో నూటయాభై మిగిలినయ్యంట. చెంచులమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా పొయ్యి, అది దీసి అయిదో ముంతలో వేస్తా ఉంటే మాలకొండయ్య చూశాడు. "ఏందిమే అది, గాబు డబ్బు గాబుకే పెట్టాల, లెక్క లెక్కే" అని, ఆ నూటయాభైకి నీలంరంగు తెచ్చి గాబుకి పూయించాడంట. అయిదో ముంతలోంచి ఎవరన్నా తియ్యొచ్చు, దాంట్లోకి మాత్రం ఎవరూ వెయ్యగూడదు, చూశారా లెక్క. పైగా అరుగు మీద ఒకటే పొగడ్త. "నా పెళ్ళాం ముందుచూపు చూడండ్రా. పైఖర్చులు వస్తయ్యని ముందే కనిపెట్టి రెండువేలు పక్కన బెట్టింది. చదువుకున్నోళ్ళకి గూడా తట్టదు" అంటాడంట. వచ్చినోళ్ళు లోపలికి తొంగిచూసి, అబ్బో, ఇల్లాలంటే ఇట్టా ఉండాల, మా ఇంట్లోనూ ఉంది ఎందుకు, అంటారంట. అంతమంది అంతగా పొగుడుతా ఉంటే ఇంక ఆమె నోరెట్టా విప్పుద్ది? ఒక్కో పొగడ్తకీ తిన్నె ఒక్కో జానెడు తరుగుతా వచ్చింది. మొక్కలమ్మే సైకిలోడు వస్తే సపోటా అంటు కొన్నారు, పైఖర్చు. కూలోడికి వేలు నలిగితే సూదిమందు, పైఖర్చు. అది గూడా కాదంటామా, కానీ ఆ సూదిమందు కాణ్ణే తిన్నె మొత్తం ముక్కాలిపీటంత అయిపోయిందంట.

పదోరోజు పని ముగిసింది. కాలవ బాగుంది, బాట బాగుంది, గాబు నీలంగా మెరుస్తా ఉంది, పందిరి మీదికి మల్లె పాకించారు. పందిరి కింద ఏముంది? మట్టి. అయిదో ముంతలో ఎంతుంది? నలభై రూపాయలు. దావీదు తాపీ కడుక్కుంటా, మాట వరసకి, ఇంకేమన్నా ఉందా చెల్లెమ్మా, ఇంక సామాన్లు సర్దుకుంటా, అన్నాడంట. చెంచులమ్మ లేదన్నా అనబోయింది. అనబోయి, పందిరి కింద మట్టి చూసింది. చూసేసరికి లోపలినుంచి ఏదో తన్నుకొచ్చి, "ఉంది. తిన్నె ఉంది" అన్నదంట.

"తిన్నేంది?" అన్నాడు మాలకొండయ్య.

"కూచోటానికి."

"ఎవరు?"

"నేను."

"కూచొని ఏం జేస్తావు?"

"ఏం జెయ్యను."

మాలకొండయ్య మేస్త్రి వంక చూశాడు, మేస్త్రి కూలోళ్ళ వంక చూశాడు. లోపల మంచం కిర్రుమంది, అత్త లేచి కూచున్నట్టుంది. "ఏం జెయ్యకుండా కూచోటమేందిమే, దానికి తిన్నెందుకు?" అన్నాడంట మాలకొండయ్య. నువ్వు అరుగు మీద పొద్దస్తమానం ఏం జేస్తా కూచుంటన్నావయ్యా అని ఈమె అంటే, "అది కూచోటం గాదు, నలుగురితో మాట్లాడటం" అన్నాడంట. అప్పుడు చెంచులమ్మ అయిదో ముంత తెచ్చి ఆయన ముందు బోర్లించిందంట. పది రూపాయల నోట్లు నాలుగు రాలినయ్యి. "ఇదేనయ్యా నా తిన్నె. పైఖర్చులని నోరుజారి చెప్పా. రెండువేలూ దానికే దీశా. గొట్టంలో కొంత, తులసికోటలో కొంత, సపోటా చెట్టులో కొంత, మీ గారెల్లో కొంత పోయింది" అన్నదంట. మాలకొండయ్యకి ముందు కోపమొచ్చింది, తర్వాత సిగ్గొచ్చింది, రెండూ కలిసొచ్చేసరికి, "ముందే చెప్తే నేనేమన్నా వద్దంటానా" అన్నాడు. అంటాడో అనడో ఆయనక్కూడా తెలవదులే.

దావీదు మేస్త్రి మాత్రం తాపీ కింద పడేశాడంట. "అయితే చెల్లెమ్మా, ఈ పది రోజులూ నేను తాగింది నీ తిన్నెనా?" అన్నాడంట. అని, ఇంకో మాట మాట్లాడకుండా, విరిగిన నాపరాళ్ళు ఏరాడు, మిగిలిన అరబస్తా సిమెంటు కలిపాడు, పొద్దు వాలేలోపల పందిరి కింద తిన్నె లేపాడు. కూలి వద్దన్నాడు. టీ ఇస్తే అదీ వద్దన్నాడంట, దావీదు మేస్త్రి టీ వద్దనటం ఊళ్ళో మొదటిసారి, ఇప్పటికీ చెప్పుకుంటారు. రాళ్ళు అతుకుల బొంతలాగా ఉన్నయ్యనుకో, కానీ పొడుగు సరిపోయింది, వెనక జానెడు గోడ గూడా వచ్చింది.

మూడురోజులు నీళ్ళు కొట్టి, నాలుగోరోజు సాయంత్రం గేదెలకి కుడితి పెట్టి, చేతులు కడుక్కొని, చెంచులమ్మ పొయ్యి కూచుందంట. కాళ్ళు రెండూ బారజాపింది. వీపు ఆనించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది, ఒళ్ళో చాట లేదు. అట్టా ఎంతసేపనుకున్నారు? పక్కింటి ఆదెమ్మ దడి మీంచి తల పెట్టి, "ఏం వదినా, జొరమా?" అన్నదంట. కాదమ్మా, ఊరికే కూచున్నా అంటే, "ఊరికే ఎందుక్కూచుంటావు, మొహం చూడు ఎట్టా పీక్కపోయిందో" అని పొయ్యి వెంగమ్మకి చెప్పింది. వెంగమ్మ పొయ్యి మాలకొండయ్యకి చెప్పింది. మాలకొండయ్య అరుగు దిగి పరుగున వచ్చి నుదురు పట్టుకు చూశాడంట. కాలటంలా. కాలకపోతే లోపలి జొరం, అది ఇంకా చెడ్డది, అన్నది ఆదెమ్మ. అత్త, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, కోడలికి తన చేత్తో మిరియాల కషాయం కాచి తెచ్చిందంట. "తాగమ్మే, వంట నేను చూస్తాలే, కాళ్ళు మడవమాక, రక్తం ఆడదు" అన్నదంట.

చెంచులమ్మ అత్త మొహం చూసింది, గళాసు చూసింది, చాపిన కాళ్ళు చూసుకుంది. నాకు బాగానే ఉందత్తా అందామని నోరు తెరిచి, మళ్ళా మూసిందంట. ఒకసారి పైఖర్చులన్న నోరు గదా, ఈసారి ఆలోచించుకుంది. ఆలోచించుకొని, సన్నగా మూలిగింది.

అప్పట్నించీ ఆమెకి రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా జొరమొస్తదంట. కషాయం మాత్రం మహా చేదు, మొహం చిట్లించుకొని తాగుద్ది. మొన్న నేను ఆ దడి పక్క నుంచే పోతా చూశా. తిన్నె మీద కాళ్ళు బారజాపుకొని ఉంది, నన్ను చూసి టక్కున కళ్ళు మూసుకుంది. ఎట్టా ఉందమ్మా ఒంట్లో అని అడుగుదామనుకొని, అడక్కుండా వచ్చేశా. మీరూ అటు పోతే అడగమాకండి. జబ్బు మనిషి, పడుండనీయండి.