ఐదో నోరు

మద్దిలేటి అని ఒకడుండె. వానికి చేను ఉండె, జత ఎద్దులుండె, సుంకులమ్మ అని బంగారట్లాంటి పెండ్లాముండె. అన్నీ ఉండి గూడా కడుపులో ఒకటే మంట. ఏమైందంటే, ఆ ఊర్లోనే ఉరుకుందు అని గొర్లు కాసేవాడు ఒకడుండె. వానిది గొంతు కాదప్పా, తేనెపట్టు. చెక్కభజనలో వాడు పాటెత్తుకుంటే ఏడ్చే పిల్లోల్లు గూడా గమ్మునుంటారంట. ఒకరోజు సుంకులమ్మ రొట్టె కొడ్తా కొడ్తా, "ఏం గొంతబ్బా, దేవుడు తీరిగ్గా కూచోని చేసినట్లుండాడు" అనిందంట. అంతే. ఆ మాట అనిందే ఆ యమ్మ మర్సిపోయింది, ఆ రొట్టె గూడా ఎప్పుడో అరిగిపోయింది, మద్దిలేటికి మాత్రం గొంతులో చేపముల్లు మాదిరి నిల్చిపోయింది. ఇంగ ఆ పొద్దు నుంచి ఉరుకుందు ఎదురొస్తే దావ మార్చుకుంటాడు. పెండ్లాం నీళ్ళకు పోతే ఎనకాల పోతాడు, గడ్డికి పోతే ఎనకాల పోతాడు. అడగడు, చెప్పడు. లోపల మాత్రం కుతకుత ఉడుకుతానే ఉంటాడు.

ఇట్లుండంగా ఒకరోజు కాశన్న అని గొర్ల బేరగాడు, అన్నం పొద్దులో అందర్నీ పలకరిస్తా వంకలోకి దిగిన మనిషి, సందేళకు ముందే ఆ వంకలో సచ్చిపడుండె. గొంతు కోసుండారు. పక్కనే కొడవలి. ఆ కొడవలి ఎవరిదనుకున్యారు? ఉరుకుందుది. పిడికి వాడు చుట్టుకున్న ఎర్రగుడ్డ గూడా అట్లనే ఉంది. ముందురోజే వాళ్ళిద్దరూ ఒక పొట్టేలు కాడ తిట్టుకునింది ఊరంతా చూసింది. ఇంగేముంది, ఉరుకుందు గొర్లు తోలుకోని గుట్ట దిగుతాంటే దావలోనే పట్టి కట్టేసినారు. "కొడవలి పోయి శానా దినాలైంది, నేను పొద్దంతా గుట్టమీద పాట కట్టుకుంటాండా" అంటాడు వాడు. ఎవురు చూసినార్రా అంటే, గొర్లు చూసినాయి అంటాడు. గొర్లు సాక్షి చెప్తాయా?

ఆ సీమ పాలెగానిది ఒక కట్టడి ఉండె. ఖూనీ జరిగితే ఐదుగురు పెద్దమనుషుల్ని చావిట్లో కూచోబెట్టి తలుపేస్తారు. ఐదు నోళ్ళూ "వాడే" అంటేనే ఉరి. ఒక్కనికి అనుమానమున్నా వదిలేయాల్సిందే. కానీ ఆ అనుమానమన్నోడు ఎందుకో ఏమిటో బయటికొచ్చి ఊరంతా వినేటట్లు చెప్పాల. ఊరికే అనుమానమంటే కుదర్దు. ఆ ఐదుగురిలో మద్దిలేటిని గూడా కూచోబెట్టినారు. చూడండప్పా దేవుని ఆట!

పెద్దాయన సాంబిరెడ్డి మీసం దువ్వుకుంటా, "కొడవలి వానిది, కొట్లాట వానిది. వాడే" అన్నాడంట. ఇంగిద్దరు "వాడే, వాడే" అన్నారు. దూదేకుల హుసేనప్ప మాత్రం, "మనసొప్పలేదు గానీ, ఏరే దావ కనపళ్ళేదు. వాడే" అన్నాడు. ఇంగ మద్దిలేటి. ఒక్క మాట. ఆ మాట అంటే ఆ గొంతు ఇంగ ఊర్లో వినపడదు. వాడు నోరు తెరిసినాడు. ఆ మాట నాలిక మీదికి వచ్చింది, తియ్యగా గూడా ఉండింది. కానీ బయటికి రాలేదు. "నాకు అనుమానం" అన్నాడంట.

సాంబిరెడ్డి తిరుక్కోని చూసినాడు. ఏమప్పా, కొడవలి వానిది కాదా అంటే, "కొడవలి వానిదే. పట్టిన చెయ్యి గూడా వానిదేనని ఎట్ల చెప్పేది?" అన్నాడు. మరి కొట్లాడలేదా అంటే, "కొట్లాడినోడల్లా సంపేటట్లయితే ఈ చావిట్లో మనం ఐదుగురం ఉంటామా?" అన్నాడు. "ఏందిరా ఇది! వాని నీడ పడితే ఉమ్మేసేటోనివి నువ్వు, నీకు వాని మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?" అని సాంబిరెడ్డి ఎగిరినాడు. హుసేనప్ప మాత్రం మెల్లిగా, "మద్దిలేటీ, అనుమానానికి ఒక కాలన్నా ఉండాల నాయనా నిలబడేకి. నీ దానికి కాలు ఏదీ?" అన్నాడంట.

మద్దిలేటి అనుమానానికి కాలు ఉంది, కానీ ఆ కాలు చూపిస్తే మానం పోతాది. చూపించకుంటే ఉరుకుందు పానం పోతాది. గోడ దిక్కు తిరుక్కున్నాడు. చివరికి ఏం చేసినాడనుకున్యారు? గోడకే మొగం పెట్టి పాటెత్తుకున్నాడు! పగిలిన కుండ మాదిరి గొంతు.

"మబ్బొచ్చె మబ్బొచ్చె మా గుట్ట దాటిపోయె
సుక్కన్న రాల్చకుండ పొరుగూరికే పాయె"

"మతి పోయిందా నీకు?" అన్నాడు సాంబిరెడ్డి. "మతి ఉంది రెడ్డీ. ఖూనీ జరిగిన పొద్దు మిట్టమధ్యాన్నం మబ్బొచ్చి గుట్ట దాటిపోయింది గదా, దాని మీద వాడు కట్టిన పాట ఇది. వాణ్ణి గుట్ట దిగంగానే కట్టేస్తిరి, ఎవరి కాడా పాడిండడు. వాణ్ణి పిలిపించి పాడమనండి." పిలిపించినారు. ఆ పొద్దు ఏం పాట కట్టినావురా అంటే ఉరుకుందు కట్టేసిన చేతుల్తోనే పాడినాడు. అదే మబ్బు, అదే గుట్ట, ఒక్క మాట తేడా లేదు. వాణ్ణి బయటికి పంపించి హుసేనప్ప అడిగినాడు: "నువ్వు యాడుండి విన్యావు?"

"గుట్టకింద జొన్నచేన్లో. అన్నం పొద్దు నుంచి గొర్లు దిగేదాకా ఆన్నే ఉన్యా. వాడు కూచున్న బండ ఇడిసి వంకదిక్కు పోలేదు." చేన్లో నీకేం పని అంటే, "నా పెండ్లాం గడ్డికి పోయింటే, వాని కాడికి వస్తాదేమోనని" అన్నాడు. ఆ మాట అనేకి వాని పానం సగం పోయింది. "వచ్చిందా?" అని సాంబిరెడ్డి అడిగినాడు. "రాలేదు."

తలుపు తీసినారు. ఊరంతా ఉంది. ఆడోళ్ళలో సుంకులమ్మ గడ్డిమోపు దించుకోని నిలబడుంది. కట్టడి కట్టడే గదా, మద్దిలేటి మొత్తం చెప్పినాడు. జొన్నచేను చెప్పినాడు, పెండ్లాం మీద అనుమానం చెప్పినాడు. ఎవరో కిసుక్కుమన్నారు. సుంకులమ్మ నవ్వలేదు, ఏడవలేదు, గడ్డిమోపు నెత్తికెత్తుకోని ఇంటికి పోయింది. ఉరుకుందు కట్లు ఇప్పినారు. తర్వాత కొన్నాళ్ళకు కాశన్నతో కూడి బేరం తిరిగేటోడే వాని పొట్టేళ్ళను సంతలో అమ్ముతా దొరికినాడంట, కొడవలి దొంగిలించింది నేనే, కోసింది నేనే అని ఒప్పుకున్నాడంట.

ఉరుకుందు కట్లు ఇప్పిన ఆ సాయంత్రం మద్దిలేటి ఇంటికి పోతే సుంకులమ్మ సంగటి పెట్టింది. పెట్టి, "నన్ను అడిగింటే చెప్పనా?" అనింది. "అడిగితే నవ్వుతావని." "నవ్వేదాన్నే. నవ్వినా ఊరి ముందర కాదు గదా, నీ ముందర నవ్వేదాన్ని" అనిందంట. ఆ యమ్మే మళ్ళా, "వాడు సస్తే నీకు సుఖమే గదా, ఎందుకు చెప్పినావు?" అంటే, "ఏమో, ఆ పాట బాగుండింది" అన్నాడు. అప్పుడు నవ్విందంట సుంకులమ్మ.

బాగైపోయింది గదా అనుకుంటాండారేమో! తెల్లారితే ఉరుకుందు పొట్టేలుపిల్లను భుజానేసుకోని వచ్చి మద్దిలేటి కాళ్ళ మీద పడినాడు. "అన్నా, నువ్వు పానం పోసినావు. ఇంగ బతికినన్నాళ్ళూ శనివారం శనివారం భజన నీ వాకిట్లోనే మొదలు పెడతా" అని ఒట్టేసినాడు. ఒద్దంటే ఎట్ల అంటాడు? ఆ పొద్దు నుంచి వారం వారం వాకిట్లో అదే గొంతు, గడప మీద సుంకులమ్మ వింటా ఉండేది, మధ్యలో మద్దిలేటి చెక్కలు పట్టుకోని, ఆ గొంతు వినపడకుండా దబదబా కొట్టేది. మంట పోయిందా అంటే యాడ పోతాదప్పా? మంచి పని చేస్తే పుణ్యమొస్తాది గానీ, కడుపు సల్లబడ్తాదని ఎవరన్నా చెప్పినారా మీకు?