మళ్ళీ ఎప్పుడు కదులుద్ది?

చీమకుర్తి క్వారీల పక్క ఊళ్ళో భూమి కదిలిన మర్నాడు. జక్రయ్య వాకిట్లో మంచం వేసుకుని, ఇంట్లోకి వెళ్ళేది లేదని మొండికేశాడు. పక్కింటి నుంచి తమ్ముడి కూతురు జెస్సీ, హైస్కూల్లో సోషల్ చెప్పే పిల్ల, నచ్చజెప్పడానికి వచ్చింది.

“భయం లేదంటే నమ్మవేంటి పెదనాన్నా? ఎండ నెత్తికెక్కుతోంది, లోపలికి పద.”

“నువ్వెళ్ళమ్మా. మీ నాన్న చూస్తే నిన్ను కూడా వెలేస్తాడు.”

“క్వారీకి పొలం ఇచ్చావని ఆయన ఇన్నేళ్ళు మాట్లాడకపోతే, నేనూ మానెయ్యాలా?”

“సర్లే. అసలు ఎందుకు కదిలింది, అది చెప్పు. నేను క్వారీలో మందు పేల్చారనుకున్నా. సైరన్ కొట్టకుండా పేల్చారేంట్రా అని తిట్టుకుంటా మంచంమీదే ఉన్నా.”

“అయ్యో! నేను స్కూల్లో ఉన్నా గానీ, లేకపోతే లాక్కొచ్చేదాన్ని. మరెట్టా బయటపడ్డావు?”

“పడ్డాలే. నువ్వు చెప్పు.”

“మన నేలంతా ఓ పెద్ద రాతి పలక పెదనాన్నా. దేశం మొత్తం దానిమీదే ఉంది. అది మెల్లిగా ఉత్తరానికి జరుగుతా ఆసియా పలకను నెడతా ఉంటుంది. ఆ రెండూ ఆనుకున్న చోటే హిమాలయాలు లేచాయి. పెద్ద భూకంపాలూ అక్కడే.”

“అది ఎక్కడో గదా. ఇక్కడికేంటి?”

“ఆ నెట్టుడు ఇక్కడిదాకా తగులుద్ది. మన కింద పాత పగుళ్ళున్నాయి. ఒత్తిడి పెరిగి పెరిగి, ఓ రోజు చటుక్కున జారతాయి.”

“నిప్పుకొండ లేస్తుందంటోందే ఎదురింటి పేరమ్మ?”

“పేరమ్మకేం పన్లేదు! ఒక పలక ఇంకోదాని కిందకి దూరిన చోటో, రెండూ విడిపోయే చోటో లోపల రాయి కరిగి పైకొస్తుంది. మనం పలక నడిమధ్యలో ఉన్నాం. మనకా గొడవ లేదు.”

“పగుళ్ళు జారినాక ఏమవుద్ది?”

“మళ్ళీ బిగుసుకుంటాయి.”

“ఆఁ, బిగుసుకుంటాయి. వెంటనే బిగుసుకుంటాయి.”

“ఏంటి పెదనాన్నా?”

“ఏం లేదు. మళ్ళీ ఎప్పుడు కదులుద్ది?”

“అది ఎవరూ చెప్పలేరు. నీ జన్మలో రాకపోవచ్చు కూడా.”

“రాకపోవచ్చా?”

“ఆఁ... అదేంటి, ఏడుస్తావేంటి? రాదనేగా చెప్తున్నా!”

“అందుకేనమ్మా. నిన్న మీ నాన్న వచ్చి నా తలుపు బాదాడు. ‘అన్నా, బయటికి రా’ అని అరిచాడు. నేనొచ్చేసరికి నేల ఆగిపోయింది. నన్ను చూసి, పోయి తలుపేసుకున్నాడు. ఇంకోసారి కదిల్తే మళ్ళీ ‘అన్నా’ అంటా వస్తాడేమోనని, వాడి గుమ్మం చూస్తా ఇక్కడ కూర్చున్నా.”