వదిలేసిన చేపకి సాక్ష్యం

"చిన్నమ్మమ్మా, రేపు తాతయ్యని రివర్‌కి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తున్నా కదా. గాలం దారానికి ఆ ఫ్లై కూడా నన్నే కట్టమంటున్నావేంటి? తాతయ్యకి వచ్చుగా?"

రాకేం, నాకు నేర్పిందే ఆయన. కూర్చో చెప్తాను. ముందా తలుపు వెయ్యి. మీ అమ్మమ్మవి పాము చెవులు, కింద వంటింట్లో ఉన్నా సరే ఇక్కడి మాట వినేస్తుంది. వేసేవా? గడియ కూడా పెట్టు. ఊఁ.

నాకీ మోకాలి ఆపరేషన్ రాకపోతే నీకు చెప్పేదాన్నే కాదు లయా. తాతయ్యకి కళ్ళు బాలేవని మీ అమ్మమ్మకి తెలుసు. ఎప్పట్నుంచి బాలేవో తెలీదు. అది నాకూ ఆయనకీ తెలుసు, అంతే. ఇప్పుడు నీకు.

మా ఆయన పోయేక ఒహాయోలో ఇల్లమ్మేసి, అక్క ఉందికదా అని ఈ రెడ్‌మండ్ వచ్చేను. తాతయ్య అప్పటికే విమానాల కంపెనీలో రిటైరైపోయి ఖాళీగా ఉన్నాడు. నాకు అక్క మొగుడు, బావ. బావంటే తెలుసుగా నీకు, ఏడిపించడానికే పుడతారు. "ఏం మరదలా, గోడలు చూస్తూ కూర్చుంటావా, చేపలు పడదాం రా" అన్నాడు. గోదావరి గట్టున పుట్టినదాన్ని, చేపంటే ఎందుకు రాను? పులుసుకి చింతపండు కూడా నానబోసి మరీ వెళ్ళేనమ్మా మొదటిరోజు! తీరా చూస్తే ఆ యాకిమా నదిలో ట్రౌట్ చేప పడితే ఉంచుకోకూడదట. పట్టి, చూసి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి, అది రూలు. మరి ఎందుకు పట్టడం అన్నాను. ఆయన నవ్వేడు. ఆ చింతపండు రెండ్రోజులు చారుకి వాడుకున్నాం.

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నేను పాథాలజిస్టుని కదా, జీవితమంతా మైక్రోస్కోపులోంచే చూసేను. ముక్క చేతికి రాకుండా, స్లైడు కంటితో చూడకుండా ఏ రోజూ రిపోర్టు రాయలేదు. ఇదేమో సాక్ష్యం లేని ఆట. నది మలుపు తిరిగి వెళ్ళిపోతారు, వచ్చి "రెండు పడ్డాయి, వదిలేసేను" అంటారు. ఎవరు చూసేరు? అందుకే ఈ చేపలాళ్ళు చెప్పేవి సగం అబద్ధాలని నేను ఆవేళే తేల్చేసుకున్నాను. ఇప్పటికీ అదే మాట.

ఏం చెప్తున్నాను... ఆఁ, ఫ్లై. అదిగో, ఆ అల్మారాలో పెట్టె తియ్యి. జాగ్రత్త, గాలాలు గుచ్చుకుంటాయి. చూసేవా, చిన్న గాలానికి ఈకలూ దారం చుట్టి పురుగులా చేస్తారు. షాపులో ఇదొక్కటీ రెండు డాలర్లు. మేం వచ్చిన కొత్తలో అయితే రెండు డాలర్లకి, హుఁ, ఇప్పుడెందుకులే అది. నీళ్ళ మీద ఆ పూట ఏ పురుగు ఎగురుతోందో చూసి, దానిలాంటిది ఎంచి కట్టాలి. ఇడ్లీ తినే వేళకి బిర్యానీ పెడితే నువ్వు తింటావా? చేప కూడా అంతే. బావకి ఆ ఎంపిక గొప్పగా వచ్చేది. నీళ్ళకేసి ఓసారి చూసి "ఈ మబ్బుకి చిన్న ఆకుపచ్చది" అనేవాడు, అది కట్టగానే చేప పడేది. నేను కళ్ళారా చూసేను, కాబట్టి నమ్మేను.

రెండో ఏడు చలి మొదలయ్యే ముందు, పడిపోయిన చెట్టు పక్కన ఒక మడుగుంది, నాకు అక్కడ పెద్ద చేప పడింది. ఇదిగో, ఇంత! అది బావ మడుగు. ఆయన మెచ్చుకున్నాడు కానీ మొహం మాడింది. మాడిందనే అనుకున్నాను నేను. ఆ తరవాత వసంతం నుంచి మొదలైంది. "ఇదిగో, చిన్న ఆకుపచ్చది" అని నా చేతిలో పెట్టేవాడు. చూస్తే గోధుమరంగుది. ఇంకోసారి నల్లది ఇచ్చేడు. నేను ఊరుకున్నాను, సాక్ష్యం దొరికించుకోకుండా అడిగే మనిషిని కాను. ఓహో, మరదలు పెద్ద చేప పట్టిందని కడుపుమంటా, నాకు పనికిరానివిచ్చి తనకి మంచివి కట్టుకుంటున్నాడా అనుకున్నాను. దానికి తోడు, తన ఫ్లై కట్టుకునేప్పుడు నాకు వీపు తిప్పేసేవాడు. ఏది కడుతున్నాడో చూడనిచ్చేవాడు కాదు. కట్టి, "నేనలా కిందకి వెళ్తా, నువ్విక్కడే ఉండు" అని మలుపు తిరిగి మాయం. తిరిగొచ్చి అదే మాట, "రెండు పడ్డాయి, వదిలేసేను." రోజూ రెండేనా? ఒకటో మూడో ఎందుకవ్వదు?

మీ అమ్మమ్మతో అంటే "మీ బావ అలాంటివాడు కాదే, నీకు పుట్టుకతోనే అనుమానం జబ్బు" అంది. జబ్బేనమ్మా, ఎంతమంది కేన్సర్లు ముందే పట్టుకుందో ఈ జబ్బు!

ఓ రోజు నేనూ ఆయన వెనకే వెళ్ళేను. ఒడ్డున పొదలున్నాయి, వాటి చాటున, నీళ్ళలో దిగే ఆ రబ్బరు ప్యాంట్లేసుకుని, ఈ వయసులో దొంగలా! రహస్యంగా ఏ మడుగు దాచుకున్నాడో, ఏ ఫ్లై కడుతున్నాడో ఇవాళ తేల్చేద్దామని. చూద్దును కదా, ఆయన ఓ బండ మీద కూర్చున్నాడు. పెట్టె తెరిచి ఒక్కొక్క ఫ్లైనీ వేలితో తడుముతున్నాడు. ఒకటి తీసేడు. దాని కన్నంలో దారం ఎక్కించబోతున్నాడు. ఆకాశానికేసి ఎత్తి పట్టుకున్నాడు, పక్కకి తిప్పేడు, పెదవులకి ఆనించేడు. దారం ఎక్కదు. మళ్ళీ, మళ్ళీ. చివరికి ఏం చేసేడనుకున్నావ్? ఆ ఫ్లైని పెట్టెలో పెట్టేసి, మూత వేసేసి, లేచి నీళ్ళలోకి దిగి లైను విసరడం మొదలెట్టేడు. ఉత్త దారం లయా. దాని చివర ఏమీ లేదు. ఎంత బాగా విసురుతున్నాడో, ఆ చెయ్యి అలా వెనక్కీ ముందుకీ!

ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎందుకంటే అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న నన్ను అక్కడికి తెచ్చింది ఎవరు? ఆయనే. ఆ కొండల్లో హైవే మీద, మంచులో, ఇటూ అటూ ట్రక్కులు పోతుంటే, పాటలు పెట్టుకుని మరీ.

నేను ముందుగానే నా చోటుకి వచ్చేసేను. ఆయనొచ్చేడు. "రెండు పడ్డాయి, వదిలేసేను" అన్నాడు. నేను నా అరచెయ్యి చాపి, "బావా, ఈ రెండు ఫ్లైల్లో ఏది కట్టుకోమంటావ్?" అన్నాను. తల పక్కకి వాల్చి చూసేడు. "ఎడంపక్కది, ఆకుపచ్చది. ఈ మబ్బుకి అదే" అన్నాడు.

నా చేతిలో ఉన్నది ఒక్కటే. గోధుమరంగుది.

ఆ మాటే చెప్పేను. "నన్ను పరీక్షిస్తావా?" అన్నాడు. ఆఁ, పరీక్షించేను అన్నాను. "కారెలా నడుపుతున్నావ్ బావా?" అంటే, "అలవాటైన దారే. ముందు కారు లైట్లు తెలుస్తాయి. పక్కలు బాగానే కనిపిస్తాయి, మధ్యలోనే కొంచెం..." అన్నాడు. మధ్యలోనే కదా బావా పిల్లలు రోడ్డు దాటేది అన్నాను. అప్పుడు నీకు పన్నెండో, పదమూడో. గురువారం గురువారం స్విమ్మింగ్ క్లాసుకి నిన్నెవరు తీసుకెళ్ళేవారే? వెనక సీట్లో కూర్చునేదానివి, చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుని. నీ పేరెత్తేను. అంతే, మొహం తెల్లబోయింది. "ఈ సీజన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పకు" అన్నాడు. సీజన్ సంగతి తరవాత, తాళాలివ్వు అన్నాను. ఇవ్వలేదు. నీళ్ళలోకి దిగి, మోకాళ్ళలోతులో నాకు వీపు పెట్టి నిలబడ్డాడు, చిన్నపిల్లాడిలా. నేనూ దిగేను. చెయ్యి చాపుకుని నిలబడ్డాను, నాకు మాత్రం వేరే పనేముంది? చివరికి జేబులోంచి తీసి నా చేతిలో పెట్టేడు, నాకేసి చూడకుండా.

దారంతా ఆయన పక్క సీట్లో బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు, అక్కడ లేని బ్రేకుని. అసలు నాకా కొండదారి డ్రైవింగంటే భయం. ఆ రోజు భయం కూడా వెయ్యలేదు.

ఇంట్లో బావకి మోకాలు నొప్పి, ఇకనుంచి నేను నడుపుతానని చెప్పేను. ఆ సోమవారమే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేను. చూపు మధ్యలోది పోయింది, తిరిగి రాదు, మిగిలింది ఇంజెక్షన్లతో నిలబెడతాం అన్నారు. నిలబెట్టేరు. మీ అమ్మమ్మకేమో ఆ రోజే మొదలైనట్టు చెప్పేం. నిన్ను అలా తిప్పేడని తెలిస్తే ఆయన్ని క్షమించదు లయా, నాకు మా అక్క తెలుసు. ఆ వెనక సీటు నీది కాబట్టి నీకు చెప్పేను. నీకు కోపం వస్తే రానీ, వచ్చే హక్కుంది. కానీ రేపు ఒక్కరోజు దాచుకో.

ఏవిటే, ఏడుస్తున్నావా? ఇంద, తుడుచుకో. బాగానే ఉన్నావుగా ఇప్పుడు.

రేపు ఏం చెయ్యాలో విను. ముందు నువ్వు నీళ్ళు చూడు. ఏం ఎగురుతోందో, ఏ రంగో, ఎంత సైజో తాతయ్యకి చెప్పు. ఏది కట్టాలో ఆయన చెప్తాడు, ఆ బుర్రకేం కాలేదు. నువ్వు తీసి కట్టు. కట్టేక అడుగుతాడు, "ఏది కట్టేవ్? నిజంగా అదేనా? మంచిది నువ్వుంచుకుని నాకు పనికిరానిది కట్టలేదుగా?" అని. నన్ను ప్రతిసారీ అడుగుతాడు, ఇప్పుడు అనుమానం ఆయన వంతు. చిరాకు పడకు. ఆయన వేలు పట్టుకుని దానిమీద పెట్టు, తడిమి చూసుకుంటాడు. ఒట్టి మాట చాలదు మా ఇద్దరికీ.

ఇంకోటి. మలుపు దాటి ఒక్కణ్ణీ వెళ్ళనివ్వకు. చేప పడిందంటాడు, నమ్మకు. నా మీద ఒట్టు, ఊరికే ఊఁ కొట్టకు. నీళ్ళలో దిగి దగ్గరికి వెళ్ళి చూడు. నిజంగా పడితే దాని రంగెలా ఉందో, ఒంటిమీద చుక్కలెలా ఉన్నాయో చెప్పు. చూసేను తాతయ్యా అని చెప్పు. ఆ తరవాత వదిలేసుకుంటాడు.

సరే వెళ్ళు, పెట్టె తీసుకెళ్ళు. నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు తల్లీ, నీ కళ్ళు చల్లగా ఉండాలి. లైసెన్సు పర్సులో పెట్టుకున్నావా? ఏదీ, చూపించు.