రూపాయి దిగిన వారంలో కొన్న ఆముదాలు

అధ్యక్షస్థానం అలంకరించిన నూనెమిల్లు యజమాని ధనుంజయరావు గారికీ, వర్తక సంఘం పెద్దలకీ, ఈపూరు, బొల్లాపల్లి నుంచి బళ్ళు కట్టుకుని వచ్చిన రైతు సోదరులకీ ఈ దళారీ గులాం మొహిద్దీన్ సలాములు.

ముప్ఫయ్యేళ్ళు ఈ నరసరావుపేటలో ఆముదాల బేరాలు చేసి నోరు అరగదీసుకున్నవాణ్ణి. నిజాయితీకి మారుపేరు మొహిద్దీన్ అని ఇందాక అధ్యక్షులవారు పొగుడుతుంటే, ఆ మొహిద్దీన్ ఎవడో చూద్దామని నేనూ వెనక్కి తిరిగాను. (నవ్వులు) నవ్వండి. ఈ దండ బరువుగా ఉంది, ఒక మాట చెప్పి దించుకుంటాను.

మొన్న సెప్టెంబరులో ఢిల్లీవారు రూపాయి విలువ దించారు. ఆ కబురు తంతి మీద మన వర్తక మహాశయులకు రైతుకంటే ముందే అందింది. అమెరికావాడి డాలరుకు అంతకుముందు మూడు రూపాయల చిల్లర వచ్చేది, ఇప్పుడు నాలుగున్నర పైన వస్తుంది, కాబట్టి ఓడెక్కే ఆముదాలకు ధర పెరిగి తీరుతుంది. ఇంత తెలిసిన అధ్యక్షులవారు తెల్లారేసరికి నన్ను పిలిపించి ఏమన్నారనుకున్నారు? “రూపాయి పడిపోయిందయ్యా మొహిద్దీనూ, ఇంక అమెరికావోడు మన సరుకు ముట్టుకోడు. రైతులు మునిగిపోతారు పాపం, ఉన్నకాడికి మనమే కొని ఆదుకుందాం.” ఆహా, ఏం దయ! ఏం జాలిగుండె! (నవ్వులు) ముందు వరస బాబులు ఆముదం తాగిన మొహాలు పెట్టకండి, నా మాట ఇంకా అయిపోలేదు.

ఆ మాట నమ్మిన మొద్దును నేనే. నా అనుభవమంతా ఏ గంగలో కలిసిందో గానీ, బొల్లాపల్లి మెట్టల్లో ఊరూరా తిరిగి “అమ్మేయండి, ఆగితే మునుగుతారు” అని టముకు వేశాను. అక్కడ కొండమ్మ అని, మగదిక్కు లేని మనిషి, నన్ను అన్నా అని పిలుస్తుంది. కాడెద్దుల్లో ఒకటి చచ్చిపోతే, మంచి ధర రాగానే ఇంకొకటి కొనాలని ఆరు నెలలు ఆముదాలు దాచుకుంది. “ఇంకొన్నాళ్ళు చూద్దామనుకున్నానన్నా. నువ్వే చెప్తన్నావుగా, తీసకపో” అంది.

పదిరోజులు తిరక్కుండా ధర ఎగిరింది. మిల్లుకు కొత్త షెడ్డు లేచింది. నేనిప్పించిన డబ్బుకు కొండమ్మకు ఎద్దు రాలేదు, దున్నే దిక్కులేక ఈ ఏడు చేను బీడు పడింది. ఇదేం పనండీ అని నేను అడిగితే, అధ్యక్షులవారు నవ్వి, “పెద్దవాడివైపోయావు, ఇక విశ్రాంతి తీసుకో” అని ఈ సన్మానం ఖాయం చేశారు. శాలువా కప్పితే నోరు కూడా మూతపడుతుందనుకున్నారు కాబోలు! (సభలో కలకలం)

నిన్న కొండమ్మను పిలవడానికి వెళ్ళాను. చాటలో జొన్నలు చెరుగుతూ, “ఏందన్నా, దేనికి చేస్తన్నారు నీకు సన్మానం?” అంది. ఎగతాళికి కాదు, తెలియకే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. “రేపు సభకు రామ్మా, అక్కడే చెబుతారు” అని వచ్చేశాను.

ఇంత ఖర్చుపెట్టి వేడుక జరిపించిన పెద్దలందరికీ నా కృతజ్ఞతలు. కొండమ్మ వచ్చింది, అదిగో, వెనక గోడవారన కూర్చుంది. దేనికో అధ్యక్షులవారు లేచి ఆవిడకు చెబితే, నేనూ విని పోతాను. సెలవు.