పాలచెంబు సుంకన్న పరుగు

సుంకన్న అని ఒకడుండె. పరుగు వాని పని. అంటే సేద్యం లేదని కాదు, ఉంది, కానీ ఊర్లో ఎవరినడిగినా సుంకన్నా, ఆ పరుగోడా అనేవాళ్లంట. ఆ సీమకు ఒక పాలెగాడు. ఏటేటా జాతరలో పందెం పెట్టేవాడు. కోట వాకిలి నుంచి ఏటి రేవు దాకా పోయి మళ్లీ వాకిలికి రావాల, మొత్తం ఆరు కోసులనుకో. గెలిచినోనికి తలపాగా, గజ్జెల కర్ర. ఆ కర్ర ఎవని చేతిలో ఉంటే ఏడాదంతా పాలెగాని జాబులు మోసేది వాడే. సుంకన్నకు ఆ కర్ర మీదే పానం. అయితే ఏమైందంటే, వాని పరుగు ఒకనాడున్నట్టు ఒకనాడుండదు. మొదటేడు సగం దాకా అందరికంటే ముందున్నాడు, రేవు కాడ కక్కుకొని కూలబడినాడు. రెండో ఏడు నాలుగోవాడు. మూడో ఏడు పందేనికి పోనే లేదు, ముందురోజు జనం చూస్తాండారని ఆరు కోసులూ ఒక్కడే పరిగెత్తి కాళ్లు పట్టేసుకున్నాయి. ఉత్తప్పుడూ అంతే. ఒకనాడు గాలిలాగ పోతాడు, నలుగురు భేషంటే ఇంకో రెండు కోసులు పోతాడు, ఆ తర్వాత నాలుగు దినాలు మంచం దిగడు. పెండ్లాం నాగమ్మ కాళ్లకు ఆముదం రాసేది, ఏమీ అనేది కాదు. వాడే అనేవాడంట, నా కాళ్లు నా మాట వినవే నాగా, అని.

నాలుగో ఏడు జాతర ఇంకో నెలుందనంగా నాగమ్మ తల్లికి జబ్బు చేసింది. లింగమ్మ ఆమె పేరు, రెండు కోసుల అవతల పల్లె. వైద్యుడొచ్చి చూసి, నల్లమేక పాలు, పిండిన వేడి ఆరకముందే తాగించాల, నలభై దినాలు ఒక్క పొద్దు తప్పకూడదు, అన్నాడంట. నల్లమేక ఉండేది నాగమ్మ ఇంట్లో. మేకను తోలుకపోయి అక్కడే కట్టేస్తే పాయె కదా అంటారు మీరు. అది నాగమ్మ చేతికి తప్ప ఇంకొకరికి పాలియ్యదు. నాగమ్మ చూస్తే నిండు చూలాలు, కదిలే పని లేదు. ఇంగ సుంకన్నే పోవాల. మెల్లగ పోతే పాలు చల్లారతాయి, దౌడు తీస్తే ఒలికిపోతాయి. చెంబు మూతికి గుడ్డ కట్టి, చంకలో పెట్టుకొని, తెల్లవారంగానే బయల్దేరేవాడు. మొదటి నాలుగు దినాలు బాగనే పోయినాడు. ఐదోనాడు ఏమైందంటే, దోవలో కళ్లం కాడ జనం నిలబడి, పందెపు సుంకన్న వస్తాండాడు చూడండిరా అన్నారు. అంతే, వానికి పూనకం వచ్చినట్టయింది. దుమ్ము లేపుకుంటా పోయినాడు. అత్త ముందర చెంబు దించి చూస్తే అడుగున రెండు గుక్కలుండాయి. లింగమ్మ ఆ రెండు గుక్కలే తాగి, గుడ్డకు అంటిన తడి కూడా నోట్లో పిండుకొని, "రేపు తెస్తావులే నాయనా" అనిందంట. తిట్టింటే బాగుండు అనుకున్నాడు వాడు. వచ్చేటప్పుడు ఆ దోవంతా నడిచే వచ్చినాడు, తలెత్తలేదు.

మర్నాటి నుంచి కళ్లం కాడ ఎవరు కేకేసినా చూపు చెంబు మీదే. కాళ్లు నొచ్చినపొద్దు పోయినాడు, వాన పడినపొద్దు పోయినాడు, ఒళ్లు తేలికగా ఉండి ఎగరాలనిపించిన పొద్దు కూడా అదే పరుగు, అంతే పరుగు. అన్నిటికన్నా కష్టం అదేనంట, ఎగరాలనిపించినపొద్దు ఎగరకపోవడం.

జాతరొచ్చింది. ఆ పొద్దు కూడా పాలిచ్చి వచ్చినాకనే పందెంలో నిలబడినాడు. పక్కూరి ఓబయ్య మొదటి నుంచే ముందు పోయినాడు. సుంకన్న వాని వెంట పడలేదు, తన పరుగు తాను పరిగెత్తినాడు. ఓబయ్య ముందు, సుంకన్న రెండోవాడు. తలపాగా ఓబయ్యకు చుట్టినారు, కర్ర రేపు పొద్దున ఇస్తామన్నారు.

మర్నాడు పొద్దున్నే పాలెగానికి జాబు పంపే తొందర పడింది. భటుడు పోయి చూస్తే ఓబయ్య కాళ్లు వాచిపోయి మంచంలో ఉండాడు. సరే, రెండోవాన్ని పిలుద్దామని సుంకన్న ఇంటికొచ్చినాడు. నాగమ్మ వాకిట్లో కూర్చొనుంది. మీ ఆయన లేచినాడామ్మా అంటే, లేచి పోయినాడన్నా, మా అమ్మకు పాలిచ్చి వస్తాడు, కూర్చో, అనింది.

"నిన్న ఆరు కోసులు పరిగెత్తి, మళ్లీ ఈ పొద్దు పోయినాడా?"

"నిన్నటిది నిన్ననే అయిపాయె కదన్నా. మా అమ్మకు ఈ పొద్దు పాలొద్దా?"

భటుడు పోయి ఆ మాట ఉన్నదున్నట్టు పాలెగానికి చెప్పినాడు. తలపాగా ఓబయ్యదే, వాడు గెలిచినాడు కాబట్టి, కర్ర మాత్రం సుంకన్నకియ్యండి అన్నాడంట ఆయన. ఇంకో పది దినాలు అత్తకు పాలు మొయ్యాల దొరా, అవి అయినాకనే పొద్దుటి జాబులు మోస్తా, అన్నాడు సుంకన్న. పాలెగాడు సరేనన్నాడు, ఆనాటి తొందర జాబు మాత్రం సుంకన్న పాలిచ్చి వచ్చిన కాళ్లతోనే మోసినాడు. లింగమ్మ లేచి తిరిగింది, మనవరాలిని ఎత్తుకుంది.

పందెంలో ఆ తర్వాతెప్పుడైనా మొదటోడుగా వచ్చినాడా అని అడగొద్దండి, రాలేదంట. తలపాగా ఏ ఏడు ఎవరికి చుట్టినా కర్ర మాత్రం వాని చేతిలోనే, ఇరవై ఏండ్లు జాబులు మోసినాడు, అదీ సంగతి. మా అల్లుడు కూడా ఇక్కడే కూర్చొని వింటాండాడు. నేను వానినేమీ అనడం లేదు, కథ చెప్పినా, అంతే.