కాంపౌండరు చేసిన హత్య

నువ్వలా లైటుకి కార్బన్ పుల్లలు మార్చుకుంటూ కూచుంటే ఎలా షంషేర్? ఇంటర్వెల్ అయిపోవస్తోంది. ఆఖరి రీలు వెయ్యొద్దని ఇంత బతిమాలుతుంటే, ప్రొజెక్టరు తుడుచుకుంటావేంటి నాయనా?

తెగిపోయిందని చెప్పు. మొన్న భక్తి సినిమాకి తెగలేదూ? సరిగ్గా స్వామి ప్రత్యక్షమయ్యే చోటే తెగింది. చేతులు జోడించుకుని అలాగే కూచున్నాం. నిన్నెవరైనా ఏమన్నా అన్నారా?

కారణం చెప్పాలా? సరే, విను.

ఈ సినిమా వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలే కదా. శుక్రవారం శుక్రవారం మా వసారాలో నేనే చదివి వినిపించేదాన్ని. ముందు హారతి, తర్వాత హత్య. హారతికి నలుగురు వచ్చేవాళ్ళు, హత్యకి వసారా చాలేది కాదు. అయినా చెప్పొద్దూ, అంతమంది ఊపిరి బిగబట్టి నా నోటివంక చూస్తుంటే ఎంత బాగుండేదో.

అందులో మొగుడు పాలల్లో విషం తాగి చస్తాడు. ఇంటికొచ్చి మందులిచ్చే కాంపౌండరు దగ్గర్నుంచి అందరిమీదా అనుమానమే, ఎవరు కలిపారన్నదే కథ.

మా వెంకాయమ్మ, ఆవిడ కోడలు సామ్రాజ్యం కూడా వచ్చేవాళ్ళు. స్తంభానికి చెరోపక్క కూచునేవాళ్ళు. వాళ్ళ సంగతి తెలుసుగా నీకు? వెంకాయమ్మ కొడుకు చేలో పురుగుమందు కొట్టొచ్చి, పెళ్ళాం ఇచ్చిన మజ్జిగ తాగి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. మందు గాలి పీల్చి పోయాడని డాక్టరన్నాడు. మన తిరువూరు మొత్తం మజ్జిగే అంది. ఆనాటినుంచీ వెంకాయమ్మ పొయ్యి వేరు. కోడలి చేత్తో ఇస్తే మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

ఆఖరి వారం పత్రిక వచ్చింది. చదువుతూ చదువుతూ పేజీ తిప్పాను కదా, చంపింది పెళ్ళామే.

నన్నేం చెయ్యమంటావు? వెంకాయమ్మ ముందుకు వంగింది. ఆ పిల్ల తల దించుకుంది. నా నోట్లోంచి కాంపౌండరు అని వచ్చేసింది. ఇక అంతే, కాగితం మీద లేనిదంతా చదువుకుంటూ పోయాను. పోలీసులు పట్టుకుంటే వాడి ఏడుపు కూడా నేనే ఏడ్చాను.

వెంకాయమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "అమ్మాయ్ సామ్రాజ్యం, ఇంటికి పద. ఇంత అన్నం వండు, ఇద్దరం తిందాం" అంది. అన్నాళ్ళకి.

ఇవాళ చూడు, ఆడవాళ్ళ బెంచీల్లో ఇద్దరూ పక్కపక్కనే కూచున్నారు. కాంపౌండరు తెరమీదికి రాగానే మావాళ్ళంతా "వీడే, వీడే" అని అరవడం నీకు వినపడలేదూ? ఇంకాసేపటికి ఆ తెరమీదే పెళ్ళాం విషం కలుపుతూ కనిపిస్తే? వెంకాయమ్మ ఆ పిల్లని గడప తొక్కనిస్తుందా? పోనీ పుట్టింటికి పోదామంటే, పెనుగొలనులో ఒక్కడే అన్న. వాడూ మజ్జిగే అంటున్నాడు.

ఏంటీ?

మళ్ళీ చెప్పు.

సినిమాలోనూ కాంపౌండరేనా? బెజవాడలో నీ కళ్ళతో చూశావా? హీరోయిన్ హంతకురాలంటే జనం ఒప్పుకోరని మార్చేశారా... రామచంద్రా. వాళ్ళకీ నాకూ ఒకటే బుద్ధి పుట్టించావా తండ్రీ.

వేసెయ్ నాయనా. ఉన్న రీళ్ళన్నీ వేసెయ్.

వెళ్తానులే, గంట కొట్టనీ.

నవ్వకు. సంతోషంగానే ఉన్నాను, ఎందుకుండను? ఒక్క మాట చెప్పి పోతాను, నీలోనే ఉంచుకో. మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. సామ్రాజ్యం రెండు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది. వెంకాయమ్మ ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది. నేను మాత్రం, ఇవాళ ఏకాదశి, మంచినీళ్ళు కూడా ముట్టనమ్మా అన్నాను.

ఆ పిల్ల నావంక ఒకసారి చూసింది. గ్లాసు లోపలికి తీసుకెళ్ళింది.

నీకు తెలీదులే షంషేర్. ఆరోజు ఏకాదశి కాదు. దానికి తెలుసు.