లబీబ్‌కి రాని చరణం

(ఈజిప్టులోని మిన్యా పట్టణం. గుడ్ ఫ్రైడేకి ముందురోజు మధ్యాహ్నం. చర్చి గాయకుడు రిజ్క్, అతని భార్య షఫీకా, మేడమీది వాళ్ల వంటిల్లు.)

“వెళ్లిపోయాడా?”

“లేదు. నీ శిష్యుడు మెట్ల మీదే కూర్చున్నాడు.”

“వెళ్లిపొమ్మని చెప్పమన్నానా, లేదా?”

“చెప్పాను. ‘గురువుగారు పిలిచేదాకా ఇక్కడే ఉంటానమ్మా’ అన్నాడు. ఇద్దరు బిడ్డల తండ్రి, బిచ్చగాడిలా మన గడప దగ్గర!”

“నేను పడుకున్నానని చెప్పు షఫీకా.”

“ఇందాక టీ గ్లాసు విసిరికొట్టిన మోత వీధి దాకా వినబడింది. పడుకున్నావని ఎలా చెప్పనయ్యా?”

“చెయ్యి జారింది.”

“అవునవును. గోడ దాకా జారింది. పొద్దున పూజయ్యాక మన ఫాదర్ అబూనా నీ గురించి అడిగారు.”

“ఏమన్నావు?”

“జలుబన్నాను.”

“నా గొంతుకి ఆపరేషనైందని ఊరందరికీ తెలుసు. ఇంకా జలుబేమిటే?”

“మరేమనను? దేవుడి మీద అలిగి కూచున్నాడననా? రేపు పాడనక్కర్లేదట, వచ్చి నీ చోట్లో నిలబడితే చాలట.”

“ఊరికే నిలబడటానికి నేనేమైనా కొవ్వొత్తి స్టాండునా?”

“అదిగో, అలిగావు.”

“అలగలేదు.”

“మరి ప్రార్థన చెయ్యవేం?”

“చేశాంగా! ఊరంతా చేసింది. నువ్వు మఠం నూనె రాశావు. పక్కింటి ఇన్సాఫ్ మోకాళ్లు వాచేలా సాగిలపడింది. ఏమొచ్చింది? గడ్డతోపాటు గొంతూ పోయింది. రేకు మీద ఆకురాయి గీసినట్టు ఈ గరగర మిగిలింది. పుట్టుకతో కళ్లివ్వలేదు, సరేలే, గొంతిచ్చాడు కదా అనుకున్నాను. అదీ లాక్కుంటే?”

“ఆ మాటే ఆయనతో అను.”

“దేవుడితో అలాగా మాట్లాడేది?”

“నేను మాట్లాడతా. గ్యాసు బండలవాడితో పోట్లాడినట్టే పోట్లాడతా. నిన్న చిక్కుడు గింజలు ఏరుతూ ఆయన్ని కడిగి పారేశాను.”

“ఆయనేమన్నాడు?”

“ఏమీ అనలేదు. గింజలు మాత్రం ఉడికాయి.”

“నవ్వించకే. గొంతు మండుతుంది.”

“నవ్వితేనేనా? ఏడిస్తే మండదా?”

“రెండిటికీ మండుతుంది.”

“సరే, మెట్ల మీదున్న లబీబ్ సంగతి చెప్పు. రేపు నీ బదులు పాడాల్సింది వాడేగా. రేపు సాయంత్రం ప్రభువుని సమాధి చేసేటప్పటి పాటలో చివరి చరణం వాడికి రాదు. ఈ ఊళ్లో అది నీకొక్కడికే వచ్చు.”

“నా పాత క్యాసెట్లున్నాయిగా. విని నేర్చుకోమను.”

“విన్నాడట. నువ్వెక్కడ ఊపిరి తీసుకుంటావో అంతుపట్టడం లేదట.”

“పట్టదు.”

“అబ్బో! ఆ మాట అనేటప్పుడు నీ మొహం చూడాలి.”

“నేనెలా చూస్తాను?”

“నేను చూస్తున్నాగా! ఇన్నాళ్లకి కాస్త వెలిగింది. ఎందుకు?”

“ఏం లేదు.”

“ఎందుకయ్యా?”

“తల నొప్పిగా ఉంది. టీ పొయ్యి.”

“రిజ్క్!”

“ఏం చెప్పమంటావే నన్ను? ఏం చెప్పమంటావు?”

“నాకొద్దు. ఆయనకి చెప్పు. ఇప్పుడే చెప్పు. నేను పొయ్యి వైపు తిరుగుతాలే.”

“సర్వశక్తిగల ప్రభువా, పరమ పవిత్రుడా, నీ దాసుడనైన నేను...”

“అది పుస్తకంలోది.”

“నాకు పుస్తకంలోవే వచ్చు! చిన్నప్పటి నుంచీ ఎవరో రాసిన మాటలే పాడాను. నాదంటూ ఒక్క మాట ఆయనతో అని ఎరగను.”

“అయితే ఇవాళ అను.”

“ప్రభూ... వాడి గొంతు బాగుంది. వాడి వయసులో నాకు కూడా అంత బాగుండేది కాదు. అది నాకు నచ్చడం లేదు. రేపు జనమంతా చూస్తుండగా ఆ చరణం దగ్గర వాడు ఆగిపోవాలి. నోరు తెరుచుకుని అలా నిలబడిపోవాలి. అయ్యో, రిజ్క్ ఉంటేనా అని అందరూ అనుకోవాలి. నా గొంతు తిరిగొచ్చినా రాకపోయినా సరే, నాకు కావాల్సింది అదీ! షఫీకా? ఉన్నావా?”

“ఉన్నా.”

“వద్దంటే వినకుండా చెప్పించావు. ఇప్పుడు చూడు నా మొహం.”

“చూస్తున్నా. ఇదిగో తువ్వాలు. తుడుచుకో.”

“చెప్పేస్తే తేలికవుతుందంటారు కదా. అవలేదే. ఇందాక ఎంత మంటగా ఉందో ఇప్పుడూ అంతే. ఆయన దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.”

“నాకూ అంతే.”

“మరి రోజూ ఎందుకు వాదిస్తావే ఆయనతో?”

“ఇంకెవరితో వాదించను? నీతో పెట్టుకుంటే గ్లాసులు పగులుతున్నాయి. ఏమిటి, అలా చెవి ఒగ్గావు?”

“దగ్గుతున్నదెవరు? లబీబేనా?”

“వాడే. పొద్దెక్కినప్పటి నుంచీ దగ్గుతూనే ఉన్నాడు.”

“ఆ మెట్ల మీద దుమ్ములోనా? గొంతు నాశనమైపోతుంది వెధవకి! పెద్దదానివి, లోపల కూర్చోమనొద్దూ?”

“నువ్విప్పుడు దేవుణ్ణి అడిగిందీ అదేగా?”

“ఊరుకోవే! సోంపు వేసి నీళ్లు మరిగించు, వాడి గొంతు సర్దుకుంటుంది. గురువుగారి మనసు మారిందని మాత్రం వాడితో చెప్పకు. మారలేదు. ముందు తలుపు తియ్యి.”